లింకు డాక్యుమెంట్లు లేని బండి

మణికొండలో ఫ్లాటు కొనబోయేవాడు ముందుగా అడిగేది వాస్తు గురించి కాదు. మంజీరా నీళ్ళ గురించి కూడా కాదు, అది రెండో ప్రశ్న. మొదటిది కాగితాలు. 'లింకు డాక్యుమెంట్లు ఉన్నాయా? ముప్ఫయ్యేళ్ళ ఈసీ తీయించారా?' ఇక్కడ ఆ భయం ఉండటంలో వింతేం లేదు. మణికొండ జాగీర్‌లో 1,654 ఎకరాలు వక్ఫువా, సర్కారువా అన్న తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2022 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది, రాష్ట్ర ప్రభుత్వం వైపు. అంచేత పైప్‌లైన్ రోడ్డు నుంచి పుప్పాలగూడ దాకా ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా, జావా పైథాన్ తప్ప ఇంకేం తెలియవనుకునే కుర్రాళ్ళ నోట పహాణీ, సర్వే నంబరు, మ్యుటేషన్ లాంటి మాటలు తడుముకోకుండా వస్తాయి. ఎవరి దగ్గర్నుంచి ఎవరికి వచ్చింది, మధ్యలో ఎవరున్నారు, ఎవరి పేరు మాయమైంది అని వెతకడం మాకు రెండో ఉద్యోగం.

అదే కుర్రాడు ఆదివారం పొద్దున పాత యమహా కొనడానికి బయల్దేరితే మాత్రం ఈ తెలివంతా ఇంట్లో వదిలేసి వెళ్తాడు. అక్కడ అతనికి కావలసింది సరిగ్గా దీనికి తిరగేసిన సరుకు. మధ్యలో ఎవరూ లేని బండి. షోరూములోంచి 1990లో బయటికొచ్చి, ముప్ఫై అయిదేళ్ళు ఎవరూ ముట్టుకోకుండా, నేరుగా తన పార్కింగ్ స్లాటులోకి వచ్చిన బండి. అలాంటిది లోకంలో ఉండదు కాబట్టి, తయారు చేసి అమ్ముతున్నారు. ఆ తయారీ మీదే నా గొడవంతా.

ప్రకటనలు చూడండి. నేను ఏడాదిగా చదువుతున్నాను, కథల పత్రికలు చదివినంత శ్రద్ధగా. ఆర్ఎక్స్ 100కి లక్షన్నర, రెండు, రెండున్నర లక్షలు అడుగుతున్నారు. రాజ్‌దూత్ 350 అయితే ఆ లెక్క వేరు, కారు ధర. ధర ఎంతైనా భాష ఒకటే. 'స్టాక్ కండిషన్.' 'స్క్రూ కూడా మారలేదు.' 'స్టాండర్డ్ బోర్.' 'లోడు కొట్టని బండి.' 'జపాన్ పీస్.' గమనించారా, వీటిలో బండి ఏం చేసిందో చెప్పే మాట ఒక్కటీ లేదు. అన్నీ బండికి ఏం జరగలేదో చెప్పే మాటలు. మారలేదు, కొట్టలేదు, అరగలేదు, ముట్టుకోలేదు. పెళ్ళిళ్ళ పేరయ్య అమ్మాయి గురించి చెప్పే భాష ఇది, అందుకే నాకు వినగానే చిరాకేస్తుంది.

ఇక్కడ కొంచెం ఇంజనీరింగ్ చెప్పాలి. ఓపిక పట్టండి, నాకు తెలిసిన విద్య అదొక్కటే.

ఆర్ఎక్స్ 100 ఇంజిన్‌లో సిలిండరు బోరు 50 మిల్లీమీటర్లు, పిస్టన్ పైకీ కిందికీ తిరిగే దూరం కూడా 50. లెక్కేస్తే 98 సీసీ వస్తుంది. 11 గుర్రాల శక్తి. బండి మొత్తం బరువు క్వింటాలుకు కాస్త అటూ ఇటూ. అందుకే గేరు మార్చగానే ముందుకు దూకేది. రెండు స్ట్రోకుల ఇంజిన్ కాబట్టి పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా లోపల కాలుతుంది. కాలిన మసి పోర్టుల్లో, సైలెన్సర్‌లో పేరుకుంటుంది. నడిచేకొద్దీ సిలిండరు గోడ అరుగుతుంది. అరిగినప్పుడు మెకానిక్ ఏం చేస్తాడు? బోరు చేయిస్తాడు. లేతు దగ్గర గోడను పావు మిల్లీమీటరు పెద్దది చేయించి, ఆ సైజు పిస్టన్ వేస్తాడు. మళ్ళీ అరిగితే అర మిల్లీమీటరు. తర్వాత ముప్పావు. ఆఖరికి ఒక మిల్లీమీటరు. అప్పటికి బోరు 51 అయింది. మళ్ళీ లెక్కేయండి: 102 సీసీ. అంటే బాగా బతికిన ఆర్ఎక్స్ 100 అసలు ఆర్ఎక్స్ 98 కాదు, ఆర్ఎక్స్ 102. దాని వయసు దాని సిలిండరులోనే రాసి ఉంటుంది, చెట్టు మానులో వలయాల్లాగా. ఆ తర్వాత కూడా ఆగదు. కొత్త స్లీవ్ దిగ్గొట్టించి, మళ్ళీ 50 దగ్గర మొదలుపెడతారు.

'స్టాండర్డ్ బోర్' అని ప్రకటనలో రాసినవాడు చెప్పేదేంటంటే, ఇది బతకలేదు, అందుకే ఖరీదెక్కువ అని.

ఇప్పుడు మా బాబాయి బండి సంగతి. ఇందులో తప్పు నాది కూడా కాబట్టి దాచకుండా చెప్తాను.

మాది మధిర దగ్గర పల్లె. ఆ బండి 1991 మోడలు, ఏపీ 20 నంబరు. మొదట కొన్నది మిర్చి వ్యాపారి గారి అబ్బాయి. మా ఊళ్ళో ఆ రోజుల్లో ఆర్ఎక్స్ 100 అంటే ఆ ఒక్కటే. మేం పిల్లలం దాని వెనక పరిగెత్తామని రాస్తే చదవడానికి బాగుంటుంది గానీ, వాళ్ళ వీధిలోకి మేం పెద్దగా వెళ్ళేవాళ్ళం కాదు. ఏడేళ్ళ తర్వాత అది ఒక ఆర్ఎంపీ డాక్టరు గారి చేతికి వచ్చింది. ఆయన నాలుగూళ్ళు తిరిగి సూదులేసేవాడు. 2004లో, అందరూ మైలేజీ చూసుకుని స్ప్లెండర్లకు మారిపోయిన రోజుల్లో, మా బాబాయి దాన్ని 11 వేలకు కొన్నాడు. పాల కోసం. వెనక ఇనప పట్టీ వెల్డింగు పెట్టించి, అటో క్యానూ ఇటో క్యానూ తగిలించి, పొద్దున ఇరవై కిలోమీటర్లూ సాయంత్రం ఇరవై. ఏడాదికి 14,600. ఇరవయ్యేళ్ళకు లెక్క మీరే వేసుకోండి, మూడు లక్షల దగ్గరికొస్తుంది. పండగ లేదు, వాన లేదు, గేదెలకు సెలవుండదు కదా. పట్టీ పట్టడానికి వెనక మడ్‌గార్డుకు నాలుగు బెజ్జాలు పెట్టించాడు. స్పీడోమీటరు కేబులు తెగిపోతే మళ్ళీ వేయించలేదు. 'ఎంత స్పీడో నాకు తెలీదా' అనేవాడు. నన్ను ఎంసెట్ కౌన్సెలింగ్‌కు ఖమ్మం తీసుకెళ్ళింది కూడా ఆ బండి మీదే. ఆ రోజు మాత్రం క్యాన్లు తీసేశాడు, పట్టీ వెనక నా తొడకు గుచ్చుకుంటూనే ఉంది.

నాలుగు ఓవర్‌సైజులూ అయిపోయాయి. 2022లో స్లీవ్ వేయించాడు. ఈ మధ్య ఇంకో ఇబ్బంది మొదలైంది. అసలు కంపెనీ పిస్టన్, కార్బురేటరు, బ్లాకు లాంటివి పాతరోజుల ధరలో దొరకడం మానేశాయి. పుత్లిబౌలిలోనో రాణీగంజ్‌లోనో దొరికితే, అడిగే రేటు పాలవాడికి చెప్పే రేటు కాదు, షోకు బండివాడికి చెప్పే రేటు. ఖమ్మంలో మెకానిక్ ఒకసారి అన్నాట్ట, 'నీ బండి నడపడం కంటే విప్పి అమ్మితే నీకు లాభం' అని. అది వేళాకోళం కాదు. నిగనిగలాడే ఒక బండి నిలబడాలంటే, మరో రెండు బండ్లు విప్పి ముక్కలవ్వాలి. ఆ రెండూ ఎక్కడివి? ఏ ఊరివాడో ఇంకా నడుపుకుంటున్నవే. 'మేం వారసత్వాన్ని కాపాడుతున్నాం' అని చెప్పుకునేవాళ్ళు ఈ మూడింట రెండు లెక్క ఎప్పుడూ చెప్పరు.

మా అపార్ట్‌మెంటులోనే ఉండే సహోద్యోగి ఒకతను పాత బండ్లు కొని, బాగుచేయించి, అమ్ముతుంటాడు. సరదాగా మొదలుపెట్టి సైడు ఆదాయం చేసుకున్నాడు. కాఫీ దగ్గర మాటల్లో బాబాయి బండి గురించి నోరుజారాను. ఆ శనివారమే ఇద్దరం కార్లో మధిర వెళ్ళాం. అతను బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు, వంగి చాసీ నంబరు చూశాడు, ఆర్సీ చూశాడు (2021లో రెన్యువల్ అయింది, 2026 దాకా ఉంది), మడ్‌గార్డు బెజ్జాల్లో వేలు పెట్టి చూశాడు. చూసి, బాధగా, నిజంగానే బాధగా అన్నాడు: "మంచి బండిని పాడుచేశారు అంకుల్."

బాబాయికి అర్థం కాలేదు. "పాడయితే ఇరవయ్యేళ్ళు పాలెట్టా మోసిందయ్యా?" అన్నాడు.

నేనేమీ అనలేదు. ఈ వ్యాసం అక్కడ అనకుండా ఊరుకున్నదానికి.

85 వేలకు బేరం కుదిరింది. నాలుగు నెలల తర్వాత ఆ బండి ఫొటోలు చూశాను. గండిపేట చెరువు కట్ట పక్కన, పొద్దుటెండలో, చెర్రీ ఎరుపు. కొత్త మడ్‌గార్డు, కొత్త సీటు, కొత్త మీటరు. మీటర్లో అంకెలు చూసి నవ్వొచ్చింది, పుట్టి వారం కూడా కాలేదు దానికి. కింద రాత: 'విలేజ్‌లో అపురూపంగా దాచుకున్న బండి. లోడు కొట్టలేదు. స్టాండర్డ్ బోర్. 2.10.' స్టాండర్డ్ బోర్ అన్నది అబద్ధం కాదు. బోరు 50 మిల్లీమీటర్లే ఉంది. నాలుగు జన్మలెత్తి, అరిగి, స్లీవ్ పడ్డాక వచ్చిన 50 అది.

ఇది ఒక్క అతని మోసం అయితే నేను ఇంత పొడుగు రాయనక్కర్లేదు, వాట్సాప్‌లో రెండు మాటలు తిట్టి ఊరుకునేవాణ్ణి. కానీ అతను మోసం చేస్తున్నానని అనుకోవడం లేదు. కొనేవాళ్ళకు కావలసిన కథ చెప్తున్నాడు. కొనేవాళ్ళకు ఏ కథ కావాలి? ఆ బండి మొదటి ఓనరు కథ. మిర్చి వ్యాపారి గారబ్బాయి బండి కావాలి. ఆర్ఎంపీ డాక్టరు బండి వద్దు, పాలవాడి బండి అసలే వద్దు. 1985 చివర్లో మార్కెట్లోకి వచ్చి 1996లో ఆగిపోయిన బండి ఇది. కొత్త ఆర్ఎక్స్ 100 షోరూములో కొనగలిగినవాళ్ళు మన పల్లెల్లో ఎవరో మనందరికీ తెలుసు. వాళ్ళ ఇంటిపేర్లూ తెలుసు, వాళ్ళ కులాలూ తెలుసు. మిగతావాళ్ళకు ఆ బండి 1998 తర్వాత, 2000 తర్వాత, పడిపోయిన ధరకు, మూడో చేతిగా వచ్చింది. ఎలక్ట్రీషియన్లకు, కూరగాయలు మోసేవాళ్ళకు, ఫైనాన్సు వసూళ్ళవాళ్ళకు, ప్రైవేటు స్కూలు పంతుళ్ళకు. ఎక్కువమంది తెలుగువాళ్ళ జీవితంలోకి ఆర్ఎక్స్ 100 వచ్చింది ఆ రెండో తడవలోనే. 'ఫ్యాక్టరీ కండిషన్‌కు తేవడం' అంటే ఏ సంవత్సరానికి తేవడమో ఆలోచించండి. ఆ బండి మన చేతికి రాకముందటి సంవత్సరానికి తేవడం. నాలాంటివాడు రెండు లక్షలిచ్చి కొనుక్కునేది తన చిన్నతనాన్ని కాదు, పక్క వీధివాడి చిన్నతనాన్ని.

మన పత్రికల్లో ఊరి జ్ఞాపకాల పేరుతో వచ్చేవాటిలో సగం ఈ రకం రిపేరు పనే అని నా అనుమానం. చెరువు, వేపచెట్టు, అమ్మమ్మ చేతి ఆవకాయ. బెజ్జాలన్నీ పూడ్చి, రంగు కొట్టి, ఎండలో ఫొటో. చెరువులో ఎవర్ని దిగనిచ్చేవాళ్ళు కాదో ఆ ఫొటోలో పడదు. నేనూ అలాంటివి రెండు రాశాను, ఎక్కడో ఉన్నాయి, వెతక్కండి.

దీనికి నాకొచ్చే జవాబు తెలుసు. 'బాబూ, మేం లేకపోతే అవి తుక్కుకి పోయేవి.' గట్టి జవాబే. రాజ్‌దూత్ 350 విషయంలో నేను దీన్ని ఒప్పుకుంటాను. 1983 నుంచి ఎస్కార్ట్స్ వాళ్ళు యమహా ఆర్‌డీ 350ని రాజ్‌దూత్ పేరుతో ఇక్కడ తయారుచేశారు. 347 సీసీ, రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. బుల్లెట్లూ ఎజ్డీలూ తిరిగే రోడ్ల మీదికి 30 గుర్రాల బండి. పెట్రోలు నీళ్ళలా తాగేది. మైలేజీ గోల భరించలేక కంపెనీయే శక్తి తగ్గించి 27 గుర్రాల రకం తెచ్చింది, అదే ఇప్పటి ప్రకటనల్లో కనిపించే ఎల్‌టీ, ముందుది హెచ్‌టీ. జపాన్ బండికి ముందు డిస్కు బ్రేకు ఉంటే ఇక్కడ డ్రమ్ము పెట్టారు. అంత వేగానికి ఆ బ్రేకు చాలదని నడిపినవాళ్ళకు త్వరగానే తెలిసొచ్చింది. ఆ దశాబ్దం దాటేసరికి దాని కథ అయిపోయింది. దాన్ని ఎవరూ పాల క్యాన్లకు వాడలేదు, వాడలేరు. షెడ్లలో తుప్పు పట్టిపోతున్న ఆ బండిని పిచ్చివాళ్ళే బతికించారు, ఆ పిచ్చివాళ్ళకు నా నమస్కారం. దాని స్పేర్లు వాళ్ళు పోగేస్తే ఎవరి నోటి దగ్గర ముద్దా పోదు.

ఆర్ఎక్స్ 100 కథ అది కాదు. దాన్ని ఎవరూ వదిలేయలేదు. తుక్కుకు పోకుండా ఆపింది అవసరం, ఊరూరా ఉన్న మెకానిక్కులు. వాళ్ళు లేతు దగ్గర బుష్షులు తిప్పించారు, వేరే బండి క్లచ్ ప్లేట్లు అరగదీసి ఇందులో కూర్చోబెట్టారు, పగిలిన సైలెన్సర్‌కు అతుకేశారు. ఇవాళ 'నాన్-స్టాక్' అని ముక్కు విరిచే ప్రతి ముక్కా ఆ బండిని ఒక రోజు చావకుండా ఆపిన ముక్క. కాపాడినవాళ్ళ పనిని చెరిపేసి, కాపాడింది మేమే అనడం ఏం న్యాయం?

'జపాన్' మాట సంగతి కూడా ఇంతే. మొదట్లో ఆ బండ్లు జపాన్ నుంచి విడిభాగాలుగా వస్తే ఎస్కార్ట్స్ వాళ్ళు ఇక్కడ బిగించారు, పోనుపోను భాగాలు ఇక్కడే తయారయ్యాయి. జపాన్ ఇంజనీర్ల పనితనాన్ని నేను తక్కువ చేయను. ఇంజిన్ విప్పి చూసినవాడెవడూ తక్కువ చేయలేడు, అంత చిన్న పెట్టెలో అంత పొందిక. కానీ మూడు లక్షల కిలోమీటర్లు నడిచాక ఆ బండిలో జపాన్ ఎంత మిగిలింది, హర్యానా ఎంత, ఖమ్మం ఎంత? నన్నడిగితే ఖమ్మం వాటా పెద్దది. అమ్మేవాడికి ఆ వాటాకు విలువ లేదు.

ఆ రోజుల్లోనే వచ్చిన మిగతా జపాన్ పొత్తు బండ్లను తీసుకోండి. టీవీఎస్‌తో సుజుకి ఏఎక్స్ 100, బజాజ్‌తో కవాసాకి కేబీ 100, హీరోతో హోండా సీడీ 100. అన్నీ 1984, 85 ప్రాంతంవే. వీటిలో తెలుగు మధ్యతరగతి బతుకును నిజంగా మార్చింది ఏది అంటే నేను కళ్ళు మూసుకుని సీడీ 100 అంటాను. నాలుగు స్ట్రోకుల ఇంజిన్, పెట్రోలు పోసి మర్చిపోవచ్చన్న ప్రచారం, అది నిజం కూడా. గుమాస్తా జీతంలో బండి ఇమిడింది దానితోనే. దాని దారిలోనే 1994లో స్ప్లెండర్ వచ్చి ఊళ్ళన్నీ నింపింది. మరి సీడీ 100 కోసం ఎవరైనా రెండు లక్షలు పెడుతున్నారా? 2018లో ఆర్ఎక్స్ 100 పేరు మీద సినిమా వచ్చి ఆడింది. సీడీ 100 పేరు మీద రాదు. దానికి ఆ చప్పుడు లేదు, ఆ దూకుడు లేదు. నాన్నలు ఆఫీసుకెళ్ళిన బండి అది. అందుకే చరిత్రను కాపాడుతున్నాం అన్న మాట నేను నమ్మను. చప్పుడును కాపాడుతున్నారు. కాపాడండి, నాకూ ఆ చప్పుడు ఇష్టమే, కాకపోతే దాన్ని చరిత్ర అనకండి.

పొగ సంగతి కూడా ఒక మాట. రెండు స్ట్రోకుల ఇంజిన్‌లో లోపలికొచ్చే దారి, బయటికెళ్ళే దారి కాసేపు ఒకేసారి తెరుచుకుని ఉంటాయి. కొంత పెట్రోలు కాలకుండానే బయటికి పోతుంది. 2000లో కాలుష్య నిబంధనలు బిగించాక ఆ రకం బైకులు ఒక్కోటీ మూతపడటానికి అదే కారణం, అది న్యాయమే. కనుక అందరూ ఆర్ఎక్స్‌లు నడపాలని నా వాదన కాదు. బాబాయి బండి ఎప్పుడో ఒకప్పుడు ఆగాల్సిందే.

మరి నేనేమంటాను? రిపేర్లు మానేయమనా? కాదు. పుస్తకాల లోకంలో దీనికి ఎప్పుడో దారి కనిపెట్టారు. సి.పి. బ్రౌన్ కడపలో పండితుల్ని జీతాలకు పెట్టుకుని, ఒకే కావ్యానికి ఊరూరా దొరికిన తాళపత్రాల్ని పక్కపక్కన పెట్టి, పాఠాలు పోల్పించి, శుద్ధప్రతులు తయారు చేయించాడు. చేతులు మారుతూ వచ్చిన ప్రతిలో రాయసకాడి పొరపాటుంటుంది, ఎవరో చేర్చిన పద్యం ఉంటుంది. పరిష్కర్త వాటిని తీసేయొచ్చు, ప్రక్షిప్తం అనొచ్చు. కానీ మంచి పరిష్కర్త తీసేసినదాన్ని పేజీ అడుగున పాఠాంతరంగా వేస్తాడు. పాత ప్రతుల్ని తగలబెట్టడు. అనుమానం ఉన్నవాడు ఇప్పటికీ మద్రాసు ఓరియంటల్ లైబ్రరీకి వెళ్ళి చూసుకోవచ్చు. మా బాబాయి పాల పట్టీ ఆ బండికి పాఠాంతరం. నీకు అది ప్రక్షిప్తం అనిపిస్తే తీసెయ్. తీశానని రాయి. ఎవరు, ఎప్పుడు, ఎందుకు పెట్టించారో రాయి. బెజ్జాల మడ్‌గార్డును పాత ఇనప సామాన్లవాడికి వేయకు, కొన్నవాడికి అదీ ఇచ్చెయ్. రెండు లక్షలు పెట్టి కొన్నవాడికి ముప్ఫై మూడేళ్ళ కథ ఉచితంగా వస్తుంది, చేదా?

చట్టం కూడా అటే ఉంది, అదే నన్ను ఇంకా కలవరపెట్టేది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ బండ్లకు నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటాలి. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. కొత్తగా నమోదు చేయించడానికి ఫీజు 20 వేలు. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ బండి అసలు రూపంలోనే ఉండాలి, చాసీకి గానీ బాడీకి గానీ ఇంజిన్‌కు గానీ పెద్ద మార్పులు జరగకూడదు. రోజువారీ పనికి నడపకూడదు, ప్రదర్శనకో ర్యాలీకో తీసుకెళ్ళాలి. తొలి ఆర్ఎక్స్ 100లు 2035లో ఆ గీత దాటతాయి, బాబాయిది 2041లో. అప్పుడు ఆ మాటల్ని ముక్కకు ముక్క పట్టుకునే అధికారి ఎదురైతే, పనిచేసిన బండికి ఆ అర్హత ఉండదు. పనిచేయనట్టు కనిపించే బండికి ఉంటుంది. అంటే ఈ అబద్ధపు ప్రకటనలన్నీ ఇంకో పదేళ్ళలో సర్కారు ముద్రతో నిజాలవుతాయి.

ఇదంతా బాబాయికి ఫోన్లో చెప్పాను, కొంచెం ఆవేశంగానే. ఆయన నవ్వాడు. "నీకెందుకురా అంత బాధ? 11 వేలకు కొన్నా, ఇరవయ్యేళ్ళు వాడుకున్నా, 85 వేలు చేతికొచ్చినయ్. దానికంటే మంచి బేరం నీ జన్మలో చేసినావా?" చేయలేదు. ఆ డబ్బుతో ఆయన పాత నాలుగు స్ట్రోకుల బండి ఒకటి కొన్నాడు, లీటరుకు అరవై వస్తోందట, నడుం నొప్పి తగ్గిందట. ఆయన తరఫున కోపం తెచ్చుకునే హక్కు నాకు లేదని ఆ ఫోనుతో తేలిపోయింది. కాబట్టి ఈ కోపం నాదే అనుకోండి. ఆఖర్న మాత్రం అడిగాడు, "పట్టీ ఏం చేశారంట? మంచి ఇనుమది, ఊరికే పారేస్తారేమో" అని.

సహోద్యోగిని అడిగాను, పట్టీ తుక్కుకి పోయింది. ప్రకటనలో ఒక్క లైను కలపమని కూడా అడిగాను. "వద్దు బ్రో, పాల బండి అంటే యాభై వేలు పడిపోద్ది" అన్నాడు. అతని లెక్క సరైందే అయ్యుంటుంది, అతను మార్కెట్ తెలిసినవాడు. ఇరవయ్యేళ్ళ పాలకు యాభై వేల తగ్గింపు.

బండి ఇంకా అమ్ముడుపోలేదు, మా సెల్లార్‌లో ముసుగు కింద ఉంది. కొనబోయేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ ప్రకటనలో ఉండాల్సింది ఇది:

యమహా ఆర్ఎక్స్ 100, 1991. ముగ్గురు ఓనర్లు: మిర్చి వ్యాపారి కుమారుడు, ఆర్ఎంపీ వైద్యుడు, పాల వ్యాపారి. సుమారు మూడు లక్షల కిలోమీటర్లు ఒక్క మూడో ఓనరు చేతిలోనే, రెండు క్యాన్ల లోడుతో. నాలుగుసార్లు బోరు అయింది, 2022లో ఖమ్మంలో స్లీవ్ పడింది. వెనక మడ్‌గార్డు, సీటు, మీటరు, రంగు కొత్తవి. పాత మడ్‌గార్డుకు నాలుగు బెజ్జాలుండేవి. లోడు కొట్టిన బండి. ఆగిపోయి ఎవర్నీ దారిలో దింపలేదు, ఒక్కసారి తప్ప: 2015 జులైలో వరదకు వాగులో, అది కూడా పాలు దించాకే. ధర అతన్నే అడగండి.